గీత పడిన చోట

కొత్త అట్ట మీద పాత ఫొటోనే.
తొమ్మిది మంది, ఏడు టోపీలు,
వరస చివర మా అన్న డెల్మార్,
బేస్ గిటార్‌ని రెంచీ పట్టుకున్నట్టు పట్టుకుని.
వుల్ఫ్ క్రీక్ థర్డ్ షిఫ్ట్.
ఆ పేరు ఉత్తినే పెట్టుకోలేదు.
ఫ్రిజ్‌ల ఫ్యాక్టరీలో రాత్రి పని దిగి
తెల్లారి ఆరింటికి, పడమటి డేటన్‌లో
మూతపడ్డ లాండ్రీ వెనక గదిలో
గ్రీజు వాసన వదలని చేతులతో వాయించేవాళ్ళు.

ఆరు వందలు అచ్చు వేశారు.
కంపెనీ దివాలా తీసింది,
గిడ్డంగిలోకి నీళ్ళొచ్చాయి.
ఎక్కడో లండన్‌లో ఒక కాపీకి ఎవరో
మా నాన్న కారు ఖరీదు పెట్టారని విన్నప్పుడు
మా ఇంట్లో కాపీని తీసి చూసుకున్నాం.
దాన్ని ఊరికే ఇచ్చినా తీసుకోరు.

టేపు చెమ్మ పట్టి జిగురెక్కిందట.
ఐజయా అనే కుర్రాడు ఫోన్ చేశాడు:
"ముందు పొయ్యిలో పెట్టి వెచ్చబెట్టాలమ్మా,
సన్నటి సెగ మీద, ఎనిమిది గంటలు."
మా అమ్మ మొక్కజొన్న రొట్టెకి కూడా
అంత ఓపిక పట్టలేదు నాయనా, అన్నాను.
రొట్టె మాడితే ఇంకోటి కాలుస్తాం.
ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మా రికార్డుకి రెండో వైపు,
మూడో పాటలో, ఒక గీత.
"రావే నా" అనగానే సూది గెంతేది,
"తెల్లారిపోయింది" దగ్గర దిగేది.
మధ్యలో ఏముందో ఎవరికి కావాలి?
శనివారం రాత్రి తివాచీ చుట్టి గోడకి నిలబెట్టి
పాతిక మందిమి ఆడేవాళ్ళం.
సూదితో పాటే మేమూ,
ఎడమ కాలెత్తి, వీధిలో గుంట దాటినట్టు.
వీధంతా నేర్చుకుంది.
పాట కంటే ఆ గీతే మాకు బాగా నోటికొచ్చు.

ఇప్పుడు చెప్పొచ్చు. అది నా పనే.
పదకొండేళ్ళు నాకు.
ముట్టుకోవద్దన్న సూదిని
నా చేత్తో దించాలని ఒకటే ఇది.
చెయ్యి వణికింది.
పిల్లి గోడ జారినట్టు జారింది సూది.
తిట్లు మా అక్క ఓజెల్లా తింది.
నేను నోరు మెదపలేదు.
అన్న పని నుంచి వచ్చి విన్నాడు,
మళ్ళీ పెట్టి విన్నాడు,
టిఫిన్ డబ్బా ఇంకా చేతిలోనే ఉంది.
తర్వాత ఎడమ కాలెత్తి
మొదటి గెంతు గెంతింది తనే.

నిన్న యూనియన్ హాల్లో కొత్త రికార్డు పెట్టారు.
పింగాణీ పళ్ళెమంత బరువు.
చిరచిరలు లేవు, బరబరలు లేవు,
బాకా వాడు ఊపిరి పీల్చుకోవడం కూడా వినిపిస్తోంది.
మూడో పాట.
కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాను.
"రావే నా" —
గెంతింది హాలంతా.
డెబ్భై ఏళ్ళ మోకాళ్ళు, ఊతకర్రలు,
చక్రాల మీది ఒక ఆక్సిజన్ సిలిండరు కూడా.

పాట గెంతలేదు.

అందరూ నేల మీదికి దిగేసరికి
డ్రమ్ములు ఆగి ఉన్నాయి. బాకాలు ఆగి ఉన్నాయి.
పంతొమ్మిదేళ్ళ కిందట పోయిన అన్న
ఒక్కడే వాయిస్తున్నాడు.
మెట్లు దిగుతూ దిగుతూ ఒకటి వదిలేసి,
వదిలేసిన దానికోసం వెనక్కొచ్చి,
ఉంగరం తీగకి తగిలి టిక్కుమని,
చివర గొంతులోనే చిన్న "హు",
ఎవరూ చూడనప్పుడు తనని తాను మెచ్చుకున్నట్టు.
నాలుగు సెకన్లు.
రికార్డు మొత్తంలో తను ఒంటరిగా వాయించింది
ఆ ఒక్కచోటే.

తెలిసే గెంతాడు.

ఎవరి కాళ్ళూ కదలడం లేదు.
అన్న మనవరాలు జనెల్ అడిగింది,
"అందరూ ఒక్కసారి ఎగిరారేం? అదేం అడుగు?"
"అక్కడ గుంట ఉండేదమ్మా," అంది ఓజెల్లా.
"ఎవరు తవ్వారు?"
అక్క నా వైపు చూడలేదు.
పర్సులో ఏదో వెతుక్కుంటూ,
"ఎవరో చిన్నపిల్లలే," అంది.

ఐజయాని పిలిచి మళ్ళీ పెట్టమన్నాను.
మళ్ళీ గెంతారు.